తలూపిన మాట

ఆదివారం సాయంత్రం ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో బట్టల కొట్ల వరస చివరనున్న టీకొట్టులో, ఎదుటి బల్ల మీద కూర్చున్న పెద్దమనిషి ఏదో అడిగాడు. దేముడు తలూపాడు.

అడిగిందేమిటో అతనికి తెలీదు. ఆ పెద్దమనిషి అంతసేపూ తల వంచుకుని, గ్లాసు అంచుని బొటనవేలితో రాస్తూ, టీతోనే చెప్పుకుంటున్నట్టు మాట్లాడాడు. పెదవులు సరిగా కనబడలేదు. కనబడిన కాసేపూ బుగ్గనున్న వక్కపలుకు అడ్డొచ్చింది. చివరికి తలెత్తి, కనుబొమలు పైకి లాగి, ఆగాడు. ఆ ఆగడాన్ని బట్టి అది ప్రశ్న అని దేముడికి తెలిసింది. కాదంటే ఆ ముఖం తట్టుకోలేదని కూడా తెలిసింది. నవ్వి, మరోసారి తలూపాడు.

పెద్దమనిషి చెయ్యి చాపి దేముడి చేతిని రెండు చేతుల మధ్యా పట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి కనబడకుండా పక్కకి తిరిగి కొట్టువాడితో సింగాడాలు, అదే బెంగాలీ సమోసాలు, తెమ్మని చెప్పాడు. బయట వాన పెరిగింది. టార్పాలిన్ చివర్లనుంచి ధారలు పడుతుంటే జనం లోపలికి జరిగారు. దేముడు ఆ చేతుల వెచ్చదనం ఇంకా తన చేతి మీద ఉండగానే, ఇంత పెద్ద సంగతి దేనికి ఒప్పుకున్నానురా అని లోపల గాభరా పడసాగాడు.

ఆయన పేరు పరబ్రహ్మం. రైల్వే అకౌంట్స్ ఆఫీసులో హెడ్ క్లర్కు, ఊళ్ళోనే ఖరిదాలో అద్దెకుంటాడు. ఏడు నెలలుగా దేముడికి స్నేహితుడు. ముఖం చూడడం మాత్రం ఇదే మొదలు.

స్నేహం కుదిరింది కంప్యూటర్లో. బజార్లో ఎస్టీడీ బూతు నడిపే తీతు, దాని వెనక గదిలో రెండు కంప్యూటర్లు పెట్టి, గుమ్మానికి 'ఇంటర్నెట్' అని బోర్డు కట్టాడు. విజయనగరంలో ఉన్న కూతురితో మాట్లాడ్డానికి దేముడు ఆ బూతుకే వెళ్ళేవాడు. మాట్లాడేదీ వినేదీ తీతే. అవతల కూతురు గుక్క తిప్పుకోకుండా ఏదో చెబుతున్నట్టు తీతు ముఖంలో తెలిసేది. ఫోన్ పెట్టేశాక తీతు చెయ్యి ఊపి, అందరూ బాగున్నారట అనేవాడు. అంతే. ఒకరోజు తీతుకే జాలేసిందో ఏమో, అతన్ని వెనక గదిలోకి తీసుకెళ్ళి తెర ముందు కూర్చోబెట్టాడు. ఇక్కడ చెవుల్తో పనిలేదని సైగ చేశాడు. ఆ తెరలో ఖరగ్‌పూర్ పేరుతో ఒక చాట్ గది ఉంది. ఊళ్ళోవాళ్ళు ఎవరెవరో అందులోకి వచ్చి రాసుకుంటున్నారు. దేముడు రైల్వే బడిలో తెలుగు మీడియంలో పది పాసైనవాడు. ఒక్క వేలితో అక్షరాలు వెతుక్కుంటూ, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాశాడు. ఎవలైనా తెలుగోళ్ళున్నారా అని. ఉన్నాను, ఏమిటి సంగతి అని వచ్చింది జవాబు. పేరు అడిగితే దేముడు అన్నాడు. అవతలివాడు నేను పరబ్రహ్మం అన్నాడు. ఎదుటివాడు ఎగతాళి చేస్తున్నాడని ఇద్దరూ అనుకున్నారు. నమ్మేసరికి రెండు సాయంత్రాలు పట్టింది.

ఆ తర్వాత రోజూ మాటలే. పరబ్రహ్మం ఖరిదాలోని ఒక కంప్యూటర్ ట్రైనింగ్ సెంటర్ నుంచి రాసేవాడు. పక్కింటివాళ్ళు ఇలీసు చేప వేయిస్తే తన పప్పుకి ఆ వాసన పట్టిందని రాసేవాడు. అరుగు మీదకి ఎక్కే కుక్క ఇవాళ అలిగిందని రాసేవాడు. సెక్షన్ ఆఫీసరు జుట్టుకి రంగేసుకొస్తే చెవులు కూడా నల్లబడ్డాయని రాసేవాడు. అవసరం లేని మాటలు. చెవులు పోయాక దేముడికి అందకుండా పోయినవి సరిగ్గా అవే. అవసరమైనవి ఎవరో ఒకరు అరిచో, భుజం తట్టో చెబుతారు. అన్నం తిను, తలుపెయ్యి, జీతం వచ్చిందా. మిగతా లోకమంతా అతని పక్కనుంచి వెళ్ళిపోతుంది.

చెవుల సంగతి పరబ్రహ్మానికి చెప్పలేదు. మొదట చెప్పే సందర్భం రాలేదు. తర్వాత చెప్పాలనిపించలేదు. ఆ గదిలో అతను అన్నీ వినబడే మనిషి. కలుద్దామని పరబ్రహ్మం అడిగినప్పుడల్లా ఏదో వంక పెట్టి తప్పించుకున్నాడు. ఈసారి మాత్రం, ఒక సంగతి నోటితోనే అడగాలి, రాసి అడిగేది కాదు అన్నాడాయన. తప్పలేదు.

*

ఇంటికొచ్చేసరికి వాన తగ్గింది. ట్రాఫిక్ కాలనీలో రెండు గదుల క్వార్టరు. వంటగదిలో భార్య దాలమ్మ, ఆమె చెల్లెలు చిలకమ్మ కూర్చుని వంకాయలు తరుగుతున్నారు. చిలకమ్మ కత్తిపీట వదిలేసి చేతులు తిప్పుతూ ఏదో చెప్పింది. దాలమ్మ పకపకా నవ్వి, చెంగుతో కళ్ళు తుడుచుకుంది. దేముడికి తెలీకుండానే అతని ముఖంలోకీ నవ్వొచ్చింది.

"ఏటయింది?" అన్నాడు.

దాలమ్మ ఇంకా నవ్వుతూనే చెయ్యి ఊపింది. "ఏటీ నేదులే."

దేముడు నవ్వు దింపుకుని, చొక్కా విప్పి మేకుకి తగిలించి, ముందు గదిలో కూర్చున్నాడు. దాలమ్మ చెడ్డది కాదు. అతనికి చెవులు పోయిన కొత్తలో గొంతు చించుకుని ప్రతిదీ రెండుసార్లు చెప్పేది. ఆరేళ్ళలో అలిసిపోయింది. రైల్వే ఆస్పత్రివాళ్ళిచ్చిన చెవి మిషను పెట్టుకుంటే గిన్నెల చప్పుడూ కాకి అరుపూ మనిషి మాటా అన్నీ కలిసి ఒకే రొద అయ్యేవి. దాన్ని డబ్బాలో పెట్టేశాడు.

మర్నాడు వర్క్‌షాప్ టూల్‌రూమ్‌లో అతని మనసు మనసులో లేదు. వేగన్ షాపులో ఇరవై ఏళ్ళు రివెట్లు కొట్టినవాణ్ణి, చెవులు పోయాక ఇక్కడికి మార్చారు. కిటికీ దగ్గరికి ఫిట్టర్లు వచ్చి నంబరున్న ఇత్తడి బిళ్ళ ఇస్తారు. అతను దాన్ని మేకుకి తగిలించి, అడిగిన పనిముట్టు తీసిస్తాడు. మాటతో పనిలేదు. రెండు వేళ్ళు ఇంత దూరం పెడితే ఫలానా స్పానర్, పిడికిలి తిప్పితే ట్యాప్ రెంచి. ఆరోజు ఒకడు డ్రిల్లు బిట్టు అడిగితే ఆకురాయి ఇచ్చాడు. మరొకడి బిళ్ళ ఇంకొకడి మేకుకి తగిలించాడు.

సాయంత్రం ఇంటికి పోకుండా టీకొట్టుకి వెళ్ళాడు. నిన్న తనతో కూర్చున్న బాబు ఏమడిగాడో నీకు వినబడిందా అని బెంగాలీలో అడిగాడు. కొట్టువాడు అతన్ని ఎగాదిగా చూశాడు. మీరిద్దరూ తెలుగులో మాట్లాడుకుంటే నాకేం తెలుస్తుంది దాదా అన్నట్టు చేతులు చాపాడు.

తీతు బూతులో తెర ముందు కూర్చునేసరికి పరబ్రహ్మం అప్పటికే చాట్ గదిలో ఎదురుచూస్తున్నాడు. తెర మీద వరసగా మాటలు పడ్డాయి. రాత్రి చాలా రోజులకి నిద్ర పట్టిందట. మీరు కాదనరని తెలుసుగాని అడగడానికే నోరు రాలేదట. దేముడు ఆచితూచి, ఎన్ని గంటలకి రమ్మంటారని రాశాడు. శనివారం మూడింటికి అని వచ్చింది. ఏ బట్టలు కట్టుకు రమ్మంటారు అని రాశాడు. మీ ఇష్టం, ఏదైనా సరే అని వచ్చింది. ఆ తర్వాత, ఎక్కువ అక్కర్లేదు, రెండు మాటలు చాలు అని కూడా వచ్చింది.

రెండు మాటలు. ఎవరితో, దేని గురించి? పెళ్ళిసంబంధానికి పెద్దమనిషిగా రమ్మన్నాడా? ఆయనకి పిల్లల్లేరు, భార్య పోయి చాలా కాలమైంది. కోర్టులో సాక్ష్యమా? శనివారం మధ్యాహ్నం కోర్టేమిటి? దేముడి వేలు అక్షరాల మీద ఆగిపోయింది. అడిగితే బయటపడిపోతాడు. అడక్కపోతే శనివారం బయటపడతాడు. ఊపేసిన తలని ఇప్పుడేం చేసుకోవాలో తెలీక, సరే అని రాసి లేచిపోయాడు.

*

మంగళవారం వానకి ఫోన్ లైను తెగుతూ అతుకుతూ ఉంది. లైను కలిసినప్పుడల్లా మోడెం కీచుమంటుందట, తీతు ముఖం చిట్లించి చెవులు మూసుకునేవాడు. దేముడికి దాని ముందు ఎర్ర దీపాలు మిణకడమే తెలుసు. అవి నిలకడగా వెలిగాక కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఇంక దాచకూడదనుకుని వచ్చాడు. పరబ్రహ్మం నమస్కారం పెట్టగానే, మళ్ళీ ధైర్యం పోతుందేమోనని, పలకరింపు కూడా లేకుండా రాశాడు.

"మీకొక సంగతి సెప్పాలి. నాకు సెవులు ఇనబడవు."



"ఎప్పటినుంచి?"

"ఆరేళ్ళయింది. వేగన్ షాపులో పోయినాయి."

"మొన్న టీకొట్టులో?"

"ఒక్క ముక్క అందనేదు."

"మరి దేనికి ఒప్పుకున్నారు?"

దేముడు చేతులు ఒళ్ళో పెట్టుకుని తెరకేసి చూశాడు. తర్వాత ఒక్కో అక్షరమే నొక్కాడు. "నాకెరుక నేదు. కాదంటే మీరు బాదపడతారనిపించింది. అందుకని తలూపినాను."

కాసేపటికి తెర అడుగున, పరబ్రహ్మం గది వదిలి వెళ్ళినట్టు చిన్న అక్షరాల్లో వచ్చింది. దేముడు లైను పోయిందేమోనని దీపాలకేసి చూశాడు. అవి నిలకడగానే వెలుగుతున్నాయి.

బుధవారం వెళ్ళాడు. పరబ్రహ్మం రాలేదు. గదిలో వేరే ఎవరెవరో ఉన్నారు. సినిమాల గురించీ క్రికెట్ గురించీ ఇంగ్లీషులో రాసుకుంటున్నారు. ఒకడు దేముణ్ణి పలకరించాడు కూడా. దేముడు బదులు రాయలేదు. ఆయన పేరు ఇప్పుడు పడుతుంది, ఇప్పుడు పడుతుంది అని చూస్తూ కూర్చున్నాడు. ఏడు నెలల్లో ఆ గంటసేపటి కోసమే పగలంతా ఉన్నట్టుండేది. షాపులో ఏదైనా చూస్తే ఇది పరబ్రహ్మంగారికి రాయాలని దాచుకునేవాడు. ఇవాళ కూడా ఒకటి దాచుకుని వచ్చాడు. క్రేను డ్రైవరు గొడుగేసుకుని క్రేను నడిపాడని. షెడ్డు కప్పు అంతలా కారుతోంది. ఇంకొకరికి చెబితే చిన్న సంగతి. ఆయనైతే దాన్ని పట్టుకుని పది మాటలు అల్లేవాడు.

తీతు వచ్చి భుజం మీద చెయ్యేశాడు. దేముడు లేచి, ఇంటికి నడుస్తుంటే తనమీద తనకే కోపం వచ్చింది. చెవులు లేకపోవడం తన తప్పు కాదు. కాని ఆ టీకొట్టులో, నాకు వినబడలేదు మళ్ళీ చెప్పండి అని ఒక్క ముక్క అనివుంటే సరిపోయేది. ఎందుకనలేదో కూడా అతనికి తెలుసు. మళ్ళీ చెప్పండి అంటే జనం ముఖాల్లో ఒక విసుగు పుడుతుంది. కనిపించీ కనిపించకుండా మాయమయ్యే విసుగు. దాన్ని ఆయన ముఖంలో చూడ్డం ఇష్టం లేకపోయింది.

*

గురువారం షాపు నుంచి నేరుగా ఖరిదా వెళ్ళాడు. ఇల్లు ఎప్పుడూ చూడలేదు గాని, పరబ్రహ్మం రాతల్ని బట్టి దారి తెలుసు. ఇనప సామాన్ల కొట్టు వెనక సందు, జామచెట్టు, అరుగు మీద కుక్క. కుక్క నిజంగానే ఉంది. అతన్ని చూసి నోరు తెరిచి మూసింది. మొరిగిందన్నమాట. తలుపు తెరుచుకుంది.

పరబ్రహ్మం పంచె మీద బనీనుతో ఉన్నాడు. ఇంట్లో సామాన్లు సగం మూటలు కట్టి ఉన్నాయి. దేముణ్ణి చూడగానే తత్తరపడి, లోపలికి తిరిగి ఏదో అన్నాడు. అటు తిరిగి మాట్లాడానని గుర్తొచ్చినట్టు మళ్ళీ ఇటు తిరిగాడు. దేముడు, శనివారం సంగతి ఏటండి అని అడిగాడు.

"ఏమీ లేదులెండి," అన్నాడు పరబ్రహ్మం.

లోకంలో ఏ మాటనైనా తప్పు చదువుతాడేమోగాని, ఆ మాటని పెదవుల మీద దేముడు తప్పు చదవడు. ఎప్పుడూ ఆ మాట దగ్గరే వెనక్కి తిరిగి వెళ్ళిపోవడం అతనికి అలవాటు. కాళ్ళు అలవాటుగా వెనక్కి ఒక అడుగు వేశాయి కూడా. కాని మెట్టు దిగలేదు.

"ఏటీ నేదనకండి," అన్నాడు. "ఇంటికాడ అదే మాట. సాపులో అదే మాట. ఇన్నాళ్ళూ మీరొక్కరే అననేదు."

తన గొంతు ఎంత లేచిందో అతనికి తెలీదు. ఎదురింటి కిటికీలో ఒక బెంగాలీ ముసలావిడ ముఖం కనబడింది. పరబ్రహ్మం అటు చూసి, మళ్ళీ దేముడికేసి చూశాడు.

"నాకేసి సూసి నెమ్మదిగా సెప్పండి. అందకపోతే అందనేదంటాను. ఉత్తినే తలూపను," అన్నాడు దేముడు.

పరబ్రహ్మం నోట్లో వక్కపలుకు ఊసి వచ్చి, అరుగు మీద కూర్చుని, పక్కన చోటు చూపించాడు. పక్కన కూర్చుంటే కనబడదని దేముడు ఎదురుగా మెట్టు మీద కూర్చున్నాడు. ఇంకా వెలుతురుంది. చెప్పడం అంత సులువుగా సాగలేదు. పరబ్రహ్మం ఒక మాట చెప్పేవాడు. దేముడు దాన్ని పైకి అనేవాడు. తప్పైతే పరబ్రహ్మం తల అడ్డంగా ఊపి మళ్ళీ చెప్పేవాడు. రిటైరు అన్న మాటని దేముడు రెండుసార్లు క్వార్టరు అని చదివాడు. ఆయన గాలిలో పూలదండ మెడలో వేసుకుంటున్నట్టు చూపిస్తే అప్పుడు అర్థమైంది.

శనివారం ఆయన ఉద్యోగానికి ఆఖరిరోజు. మూడింటికి ఆఫీసు హాల్లో సెండాఫ్. దండ వేస్తారు, బహుమతి ఇస్తారు, సెక్షన్ తరపున ఒకరు లేచి ఆ మనిషి గురించి రెండు మాటలు మాట్లాడతారు. అది ఎప్పట్నుంచో వస్తున్న పద్ధతి. పరబ్రహ్మం విషయంలో మాత్రం లేచి మాట్లాడ్డానికి ఎవరూ ఒప్పుకోలేదు. ఆయన ప్రయాణ భత్యం బిల్లులు చూసేవాడు. చెయ్యని ప్రయాణం ఎవరు రాసినా, వాళ్ళు ఎంతటివాళ్ళైనా, ఎర్ర సిరాతో సున్నా చుట్టి వెనక్కి పంపేవాడు. ఇన్నేళ్ళ సున్నాలకీ ఇప్పుడు బదులు తీర్చుకుంటున్నారు. ఆఫీసరు ఆయన్ని పిలిచి, మీ తరపున మాట్లాడ్డానికి బయటివాళ్ళెవరైనా ఉంటే తెచ్చుకోండి అన్నాడట. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుకున్నారట.

"నాకో స్నేహితుడున్నాడు అన్నాను," అన్నాడు పరబ్రహ్మం.

దేముడు ఆ మాటని పైకి అనలేదు. అందింది.

తర్వాత పరబ్రహ్మం ఇంకొకటి కూడా చెప్పాడు. దేముడికి చెవులు లేవని ఆయన వెళ్ళిపోలేదట. నోరు రాని సంగతిని రెండు రోజులు కూడబలుక్కుని అడిగితే, అది ఎవరి చెవినా పడలేదు కదా అని సిగ్గేసిందట. అడగనట్టే అయిపోయిందట.

"అయితే ఇప్పుడడగండి," అన్నాడు దేముడు.

పరబ్రహ్మం ముఖం పైకెత్తి, కొత్తగా పరిచయమైన మనిషిని అడిగినట్టు, ఒక్కో మాటా విడదీసి అడిగాడు. దేముడు వెంటనే తలూపలేదు. ఆఫీసర్ల ముందు తను లేచి నిలబడడం ఊహించుకున్నాడు. తన గొంతు ఎటు పోతుందో, మాటలు ఎక్కడ ముద్దవుతాయో తనకే తెలీదు. వాళ్ళు నవ్వితే నవ్వినట్టు కూడా వినబడదు. ఆ సంగతి అలాగే చెప్పాడు. నవ్వితే నవ్వనివ్వండి అని పరబ్రహ్మం అనలేదు, ఎవరూ నవ్వరనీ అనలేదు. జవాబు కోసం ఆగాడంతే.

"ఒస్తాను," అన్నాడు దేముడు, నోటితో.

లేవబోతూ మూటలకేసి చూసి, ఇదేటి అని అడిగాడు. రాజాంలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతున్నానని పరబ్రహ్మం చెప్పాడు. వచ్చే వారమే. అక్కడ ఇంటర్నెట్టు లేదు, ఎప్పుడొస్తుందో తెలీదు. ఆ మాట దేముడికి ఒక్కసారి చెప్పగానే అందింది. అందకపోయినా బాగుండేదనిపించింది.

*

శుక్రవారం పొద్దున్న దాలమ్మ సత్తు టిఫిన్‌లో అన్నం సర్దుతుంటే, దేముడు వంటగది గుమ్మం దగ్గర చతికిలబడ్డాడు. ఆదివారం చిలకమ్మ ఏం చెప్పిందో చెప్పమన్నాడు. దాలమ్మకి మొదట గుర్తు రాలేదు. గుర్తొచ్చాక, ఇప్పుడెందుకన్నట్టు చెయ్యి ఊపబోయింది. దేముడు కదలలేదు. ఆవిడ గరిటె కింద పెట్టి, అతనికెదురుగా తిరిగి చెప్పింది. చిలకమ్మ బజార్లో బెండకాయలు కొనుక్కుని వస్తుంటే, వెనకనుంచి ఆవు సంచిలో మూతి పెట్టి మొత్తం తినేసిందట. చిలకమ్మ ఇంటికొచ్చి ఖాళీ సంచి చూసుకుని, తూకంలో మోసం చేశావని కూరలమ్మితో పోట్లాడ్డానికి మళ్ళీ బజారుకెళ్ళిందట. ఆవు అక్కడే కొట్టు ముందు పడుకుని నెమరేస్తోందట.

చెప్పడం అయింది. ఇద్దరూ నవ్వలేదు.

"సెప్పితే ఇంతే," అంది దాలమ్మ. "సల్లారిపోయినాక నవ్వేటి ఒస్తాది?"

"సల్లారిపోయినా తింటాను," అన్నాడు దేముడు. "నాక్కూడా కాస్త ఉంచుతుండు."

దాలమ్మ మూత పెట్టిన టిఫిన్ మళ్ళీ తెరిచి, ఏదో మరిచిపోయినదానిలా ఇంకో గరిటెడు కూర వేసింది. అతను సైకిలెక్కి సందు మలుపు తిరిగాక, సంచితో తిరిగొచ్చిన చిలకమ్మ ముఖం ఊహకొచ్చి ఒక్కడూ నవ్వుకున్నాడు.

*

శనివారం మధ్యాహ్నానికి సెలవు పెట్టి, దాలమ్మ గంజి పెట్టి ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని దేముడు అకౌంట్స్ ఆఫీసుకి వెళ్ళాడు. హాల్లో పెద్ద బల్ల, దాని మీద బట్ట, దండలు, అట్టపెట్టెలో గోడగడియారం. పరబ్రహ్మం సిల్కు లాల్చీలో బల్ల వెనక ఆఫీసరు పక్కన కూర్చున్నాడు. జనం బాగానే వచ్చారు. మిఠాయి పొట్లాలు పంచుతున్నారు. దేముణ్ణి తలుపు దగ్గర ఒకతను ఆపి ఏదో అడిగాడు. దేముడు అతని ముఖంలోకి చూసి, నాకు చెవులు వినబడవు, నెమ్మదిగా అడగండి అని హిందీలో అన్నాడు. ఆ మాట పైకి అనడం అంత సులువని అతనికి ఇన్నాళ్ళూ తెలీదు. అతను మళ్ళీ అడిగాడు. పరబ్రహ్మంగారి తరపు మనిషినని దేముడు చెప్పాడు.

ఆఫీసరు మాట్లాడాడు. దండ వేశారు. తర్వాత ఎవరూ లేవలేదు. జనం ఒకరికేసి ఒకరు చూసుకున్నారు. పరబ్రహ్మం తలెత్తి దేముడికేసి చూశాడు.

దేముడు లేచి బల్ల దగ్గరికి నడిచాడు. తీతుతో కూర్చుని రాసుకున్న నాలుగు మాటలూ అక్కడికి చేరేసరికి ఎగిరిపోయాయి. సగం హిందీలో, సగం బెంగాలీలో మొదలుపెట్టాడు. వర్క్‌షాపులో పనిచేస్తానని చెప్పాడు. బిల్లుల సంగతి తనకి తెలీదని చెప్పాడు. ముందు వరసలో ఒకతను చెవి దగ్గర చెయ్యి పెట్టుకోవడం చూసి, గొంతు ఎక్కువైందో తక్కువైందో తేల్చుకోలేక ఒక్క క్షణం ఆగాడు. ఆగాక, ఇంకే భాషా వెతుక్కోకుండా తెలుగులో అన్నాడు.

"ఈయన గొంతు ఎలాగుంటాదో నాకెరుక నేదు. నేనెప్పుడూ ఇననేదు. ఏడు నెలల నుంచి ఈయన సెప్పిన మాట మాత్రం ఒక్కటీ నాకు పోనేదు. ఏటీ నేదులే అని ఒక్కనాడూ తోసెయ్యనేదు. నాకంతే తెలుసు."

గురువారం గుమ్మంలో అన్నది అతనికి గుర్తుంది. దాన్ని లెక్కలో వేసుకోదలచలేదు. దణ్ణం పెట్టి వెళ్ళి కూర్చున్నాడు. చప్పట్లు కొట్టారో లేదో చూడలేదు.

పరబ్రహ్మం జవాబు చెప్పడానికి లేచాడు. ఆఫీసరు మైకు ఆయన ముందుకి జరిపాడు. పరబ్రహ్మం మైకుని పక్కకి నెట్టి, బల్లనుంచి ఇవతలికొచ్చి, సభకి పక్కగా తిరిగి, దేముడికి ఎదురుగా నిలబడ్డాడు. నోట్లో వక్క లేదు. కిటికీ వెలుతురు ఆయన ముఖం మీద పడుతోంది. తెలుగులో, ఒక్కో మాటా పెదవులతో చెక్కినట్టు, నెమ్మదిగా మొదలుపెట్టాడు. తెలుగు రానివాళ్ళు ముఖాలు చూసుకున్నారు. వచ్చినవాళ్ళకి ఆ నెమ్మది భరించడం కష్టమై కుర్చీల్లో కదిలారు. ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. పరబ్రహ్మం ఎవరినీ పట్టించుకోలేదు. ఒక మాట చెప్పి దేముడికేసి చూసేవాడు. అందితే దేముడు తలూపేవాడు. అందకపోతే అడ్డంగా ఊపేవాడు. ఆయన మళ్ళీ చెప్పేవాడు.

ఈ ఊళ్ళో ముప్ఫై ఏళ్ళు ఉన్నానని చెప్పాడు. ఎవరికీ అన్యాయంగా సున్నా చుట్టలేదని చెప్పాడు. రాజాంలో చెల్లెలి ఇంటినిండా జనమేనని, పలకరించేవాళ్ళకి కొదవుండదని చెప్పాడు. అక్కడ ఆగి, మీరు అని మొదలుపెట్టబోయి మానేసి, ఇంతకాలం ఎప్పుడూ అననట్టుగా అన్నాడు.

"నువ్వు లేకపోతే నాకు తోచదు."

దేముడికి చివరి మాట అందలేదు. తల అడ్డంగా ఊపాడు. పరబ్రహ్మం ఇంకో అడుగు దగ్గరికొచ్చి, ఆఫీసు జనమంతా చూస్తుండగా, ఆ మాటని మూడు ముక్కలు చేసి మళ్ళీ చెప్పాడు. తో. చ. దు.

ఈసారి అందింది. పూర్తిగా అందింది. వచ్చే వారం నుంచి తీతు బూతులో ఆ తెర మీద ఆ పేరు పడదని కూడా దాంతోపాటే అందింది. దేముడు ఆయన పెదవులకేసే చూస్తూ, అందనట్టే తల అడ్డంగా ఊపాడు.

పరబ్రహ్మం మళ్ళీ చెప్పాడు.